నాలుగో గది కిటికీ

ఫిబ్రవరి 11

బావ బతికాడు. ముందు ఆ మాట రాసుకోవాలి.

ఐసీయూలో ఉన్నాడు. ఊపిరి ఇంకా మెషీనే పోస్తోంది. అక్క బయట బెంచీ మీద కూర్చుంది. బట్టలు మార్చుకుని వస్తానని చెప్పి గదికి వచ్చాను. మార్చుకోకుండా ఈ డైరీ పట్టుకుని కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటే ఎవరైనా అడిగినప్పుడు తడబడను.

మా కోల్డ్ స్టోరేజీలో నాలుగో గదిలో ఆపిల్స్ నింపి, తలుపు బిగించి చాలా వారాలైంది. లోపల ఆక్సిజన్ రెండు శాతం. ఆ గాలిలో పండు నిద్రపోతుంది, మనిషి పడిపోతాడు. రెండు ఊపిర్లు చాలు. తలుపు మీద ఎర్ర అక్షరాలతో రాసే ఉంది. పండ్ల నాణ్యత చూసేది బావ. నమూనా కాయలు కావాలంటే తలుపుకున్న చిన్న కిటికీ తెరిచి, పొడుగాటి కొక్కెంతో లోపల వేలాడే సంచీని లాగాలి. కొక్కెం ఎక్కడో పెట్టి మరిచిపోయాడు. "ఊపిరి బిగబట్టి చేత్తో అందుకుంటా. తుమ్మినంత సేపు" అన్నాడు. నేను వద్దన్నాను.

లోపల పడిపోయాడు.

లోపలికి ఎవరూ వెళ్ళకూడదు. అది నియమం. పడినవాణ్ణి లాగడానికి వెళ్ళినవాడు రెండో శవమవుతాడు. సిలిండరూ మాస్కూ తగిలించుకునే వెళ్ళాలి. నేను మాస్కు కోసం పరిగెత్తాను. తెచ్చేలోపు హారన్ లాగేసింది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఆవిడ. మూల తిరిగినప్పుడల్లా హారన్ కొడుతుంది కాబట్టి అందరికీ ఆమె హారనే. అసలు పేరుతో పిలిస్తే ఆమే పలకదు. నేను మాస్కు పడేసి, అంబులెన్సు వచ్చేదాకా బావ గుండె మీద నొక్కుతూనే ఉన్నాను.

మాస్కు కోసం పరిగెత్తాను. నా స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

ఫిబ్రవరి 12

అక్క వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెబుతోంది. "మా తమ్ముడు బుర్ర పెట్టి పని చేశాడు కాబట్టి సరిపోయింది. వీడూ కంగారుపడి లోపలికి దూకుంటే ఇద్దరూ పోయేవాళ్ళు. నా పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒక్క రోజే పోయేవి." అంటూ నా చెయ్యి పట్టుకుంటోంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది. విడిపించుకోవడానికి టీ తెస్తానని లేచాను. అలా మూడుసార్లు లేచాను. ఆమె ముందు మూడు కప్పులు, ఒక్కటీ తాగలేదు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. ఎంతసేపు గాలి లేకుండా ఉన్నాడని అడిగాడు. వెంటనే లాగేశాం అన్నాను.

ఫిబ్రవరి 13

మాస్కు పెట్టె నాలుగో గదికి ఎదురుగానే ఉంటుంది. ఈ సంగతి ఇక్కడెందుకు రాస్తున్నానో తెలియదు.

ఫిబ్రవరి 15

డ్యూటీకి వెళ్ళాను. గదులకి నత్రజని తయారుచేసే నా మెషీన్ ఏమీ జరగనట్టే నడుస్తోంది. దాని తెల్ల గొట్టాల్లో వెంట్రుక కన్నా కాస్త లావుండే బోలు దారాలు కట్టలు కట్టలుగా ఉంటాయి. దారం గోడే మెంబ్రేన్, అంటే గాలిని వడగట్టే పొర. గాలిని ఒత్తిపెట్టి పంపితే ఆక్సిజన్ ఆ గోడల్లోంచి బయటికి జారిపోతుంది, నత్రజని చివరిదాకా వెళ్ళి గదుల్లో చేరుతుంది. ఎవరైనా చూడటానికి వస్తే ఇదంతా నేను చెప్పేలోపే బావ అందుకునేవాడు. "మా బామ్మర్ది గాలోడండీ. తిట్టు కాదు, ఉద్యోగం." ఎన్నిసార్లు చెప్పినా తనే ముందు నవ్వేవాడు. ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా తనే.

మేనేజరు పిలిచాడు. ప్రమాదం మీద పైకి రిపోర్టు పంపాలట. కుర్చీ చూపించాడు. ఇన్నేళ్ళలో నన్ను కూర్చోమనడం ఇదే మొదలు.

"సరిగ్గా ఎక్కడ పడ్డాడు?"

"లోపల."

"పూర్తిగా లోపలా?"

"ఆఁ."

"మరి హారనేమో బయటి నుంచే లాగానంటోంది. తలకాయ కూడా లోపల పెట్టలేదట." నవ్వాడు. "భయం. మాస్కు లేకుండా దూరిందని తెలిస్తే ఉద్యోగం పోతుందని. అదృష్టం బాగుండి బయటపడింది గానీ, ఇలాంటివాళ్ళని ఉంచితే రేపు ఇంకో ప్రాణం మీదికి తెస్తారు. నియమం పాటించింది నువ్వొక్కడివే."

ఆయన అడిగినవాటికే జవాబు చెప్పాను. తక్కినదంతా ఆయన అనుకున్నది.

ఫిబ్రవరి 17

బావ కళ్ళు తెరిచాడు! గొట్టం తీసేశారు. అక్కని చూసి పేరు పెట్టి పిలిచాడు. నన్ను చూసి, గొంతు రాకపోయినా పెదాలతో "గాలోడు" అన్నాడు. అక్క ఏడుస్తూ నవ్వింది. నేనూ ఏడ్చాను. అది మాత్రం నిజమైన ఏడుపు.

సాయంత్రం గొంతు వచ్చాక "నాకేమైంది?" అని అడిగాడు. అక్క చెప్పింది. "ఓహో" అన్నాడు. దుప్పటి సరిచేసుకుని, కిటికీలోంచి చూసి, మళ్ళీ అడిగాడు, "నాకేమైంది?" అక్క మళ్ళీ చెప్పింది. కాసేపటికి మళ్ళీ.

పాతవి జ్ఞాపకం ఉంటాయట, కొత్తవి నిలవడానికి టైం పడుతుందట. నిలవకపోవచ్చు కూడా అన్నాడు డాక్టరు. కుడి కాలు, కుడి చెయ్యి సరిగా మాట వినడం లేదు.

"నన్నెవరు లాగారు?" అని ఒకసారి అడిగాడు. అక్క నా వైపు చూపించింది. "వీడూ, హారనూ." వీడూ అని ముందు అంది.

ఫిబ్రవరి 19

హారన్ ఇంటికి వెళ్ళాను. పళ్ళు తీసుకెళ్ళాను. ఆపిల్స్ కొనబుద్ధి కాలేదు, ద్రాక్ష కొన్నాను. ఎందుకు వెళ్ళానంటే, పరామర్శకు. విచారణ అయ్యేదాకా ఆమెను డ్యూటీకి రావద్దన్నారు. బావ బరువుకి కుడి భుజం బెసికింది. కట్టు కట్టుకుని, ఎడమ చేత్తో బట్టలు ఆరేస్తోంది. బట్టలు నేను అందుకోబోతే క్లిప్పుల డబ్బా నా చేతిలో పెట్టింది.

"మీ బావ ఎలా ఉన్నాడు?"

"మాట్లాడుతున్నాడు. కానీ మరిచిపోతున్నాడు."

"నయమే. నాకు మరుపు రావట్లేదు." ఒక చొక్కా దులిపి తీగ మీద వేసింది. "ఒక్కటి అడుగుతాను, చెప్పు. మాస్కు పెట్టె గేటు దగ్గరికి ఎప్పుడు మార్చారు?"

నేను క్లిప్పు అందించాను.

"నా బండి గేటు పక్క నుంచే వచ్చింది. నువ్వు ఎదురొచ్చావు. నా మొహం చూస్తూనే దాటిపోయావు. నేను అక్కడికెళ్ళి చూసి, హారన్ మీద చెయ్యి తియ్యకుండా కొడితే అప్పుడు వెనక్కొచ్చావు." గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకుండా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "నేను నీ సంగతి ఎవరికీ చెప్పలేదు. నా సంగతి మాత్రమే చెప్పాను. నమ్మలేదు."

ద్రాక్ష తీసుకుంది. లోపలికి రమ్మనలేదు.

ఫిబ్రవరి 20

గేటు దగ్గర గార్డు ఉంటాడు. సహాయం కోసం గార్డు దగ్గరికి వెళ్ళాను. అది కూడా నియమమే: ఒంటరిగా ఏమీ చేయకూడదు, మరో మనిషిని పిలవాలి.

గార్డుని పిలిచానా?

ఫిబ్రవరి 21

పిలవలేదు.

ఫిబ్రవరి 23

అందర్నీ ప్యాకింగ్ హాల్లో నిలబెట్టి మీటింగ్ పెట్టారు. మేనేజరు నన్ను ముందుకు పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. "సొంత బావ కళ్ళ ముందు పడిపోయినా బుర్ర చెదరలేదు. దీన్నే క్రమశిక్షణ అంటారు" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను నేల మీద పసుపు గీత చూస్తూ నిలబడ్డాను. వినయం అనుకున్నారు.

తర్వాత హారన్ విషయం చెప్పాడు. ఈ నెలాఖరుతో తీసేస్తున్నారట. చప్పట్లు కొట్టిన చేతులే చప్పుడు లేకుండా జేబుల్లోకి వెళ్ళాయి. వెనక నుంచి ఎవరో "పాపం, ప్రాణం కాపాడింది కదండీ" అన్నారు. "అదృష్టం నియమం కాదు" అన్నాడు మేనేజరు.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని లేచేశాను. నా చెయ్యి చూస్తే నాకే అసహ్యంగా ఉంది. దాని తప్పేమీ లేదు. అది అసలు ముందుకే రాలేదు.

ఫిబ్రవరి 24

ఉన్నది ఉన్నట్టు. ఇది ఎవరూ చదవరు. ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంక ఈ పుస్తకమెందుకు?

నేను వద్దనలేదు. బావ చేత్తో అందుకుంటానంటే నవ్వాను. కిటికీ తలుపు నేనే పట్టుకున్నాను. ఇంతకుముందు కూడా అలా చేశాడు, నేను పట్టుకున్నాను. "ఎవరికైనా చెప్పావో, మీ అక్కకి నీ సిగరెట్ల సంగతి చెబుతా" అన్నాడు. అదే చివరి మాట. తల, భుజాలు, నడుము దాకా లోపలికి వంచాడు. సంచీ అందలేదనుకుంటా, ఊపిరి వదిలి ఇంకోటి తీసుకున్నాడు. శబ్దం రాలేదు. వంగినవాడు వంగినట్టే మెత్తబడిపోయాడు.

కాళ్ళు బయటే ఉన్నాయి.

రెండు కాళ్ళూ. ఒకటి నా మోకాలికి ఆనుతోంది. లాగడానికి లోపలికి వెళ్ళక్కర్లేదు, మాస్కు అక్కర్లేదు, ఏ నియమమూ అడ్డు రాదు. వంగి పట్టుకుని వెనక్కి లాగితే చాలు. కిటికీలోంచి వచ్చిన గాలికి నా ఛాతీ మీదున్న మీటరు అరవడం మొదలుపెట్టింది. అది ఆక్సిజన్ తగ్గితే అరిచేది. దాని పని అదే. నేనే దాన్ని వారం వారం పరీక్ష చేసేది. ఆ అరుపు నా గొంతులోంచే వస్తున్నట్టనిపించింది. ఏమీ ఆలోచించలేదు. బావని ఆలోచించలేదు, నియమాన్ని ఆలోచించలేదు, నన్ను కూడా ఆలోచించలేదు. పరిగెత్తాను. ఎర్ర పెట్టె పక్క నుంచే. హారన్ మొహం ముందు నుంచే. మీటరు ఎప్పుడో ఆగిపోయింది, నేను ఆగలేదు.

వెనక్కి వస్తున్నప్పుడు దారిలో మాస్కు తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానంటే, చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

"లోపల పడ్డాడు" అని మేనేజరుకి చెప్పింది కూడా అందుకే. కాళ్ళు బయట ఉన్నాయంటే, మరి నువ్వేం చేస్తున్నావని అడుగుతాడు.

ఫిబ్రవరి 26

మేనేజరుకి చెప్పాను. నిలబడే చెప్పాను. ఈసారి కుర్చీ చూపించలేదు.

ఆయనకి కోపం రాలేదు, విసుగు వచ్చింది. "రిపోర్టు వెళ్ళిపోయిందయ్యా."

"వెనక్కి తెప్పించండి. ఆవిడ లోపలికి దూరలేదు. కాళ్ళు పట్టుకుని బయటి నుంచి లాగింది. ఆవిడ ఏ నియమమూ తప్పలేదు. నేనే అబద్ధం చెప్పాను."

"ఎందుకు చెప్పావు?"

"పారిపోయాను కాబట్టి."

పెన్ను మూత పెట్టేశాడు. "చూడూ, భయపడటం నేరం కాదు. దూరంగా వెళ్ళడం కూడా తప్పు కాదు. నీ మీద చర్య తీసుకోవడానికి ఏమీ లేదు." నన్ను ఓదారుస్తున్నాననుకున్నాడు.

"అబద్ధానికో?"

"దానికి ఉంది" అన్నాడు.

మెషీన్ గది తాళాలు తీసుకున్నారు. నన్ను గ్రేడింగ్ బెల్టు మీదికి మార్చారు. మచ్చ పడిన కాయలు ఏరాలి. మార్చి మొదటి వారంలో హారన్‌ని మళ్ళీ రమ్మంటామన్నాడు. మీటింగ్ పెట్టి చెప్పమన్నాను. "అంత అవసరం లేదులే" అన్నాడు. అందుకని భోజనాల గదిలో బల్ల బల్లకీ వెళ్ళి నేనే చెప్పాను. మొదటి బల్ల దగ్గర రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది. మూడో బల్ల దగ్గర ఒకాయన "సర్లే, కూర్చుని తిను" అన్నాడు. ఎవరైనా ఛీ అంటే బాగుండునని చూశాను. అనలేదు. కాస్త జరిగి కూర్చున్నారంతే.

మార్చి 2

బావని ఇంటికి తీసుకొచ్చారు. మంచం ఎత్తు సరిచేసి, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ బిగించాను. అక్క కాఫీ ఇచ్చింది. వంటింట్లో చెప్పాను. మొత్తం చెప్పాను.

స్టవ్ ఆపేసింది. తర్వాత అడిగింది.

"ఎంతసేపు?"

"తెలీదక్కా."

"గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చేంత సేపు."

"హారన్ అంతకుముందే లాగేసింది."

"హారన్ వచ్చేదాకా ఎంతసేపు?"

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

"డాక్టరు అదే అడిగాడు. నేను బెంచీ మీద నుంచి విన్నాను. వెంటనే లాగేశాం అన్నావు. లాగేశాం." ఆ చివరి అక్షరాన్ని నోట్లో చేదు తగిలినట్టు పలికింది. "నీ చెయ్యి పట్టుకుని ఊరందరికీ చెప్పాను రా. నా చేత చెప్పించావు. నాకు ఒక్కదానికైనా చెబితే ఏమయ్యేది?"

"సిగ్గేసింది."

"వెయ్యాలి."

లోపలి నుంచి బావ కేకేశాడు, "ఎవరొచ్చారు?" అక్క నా కోసం వీధి తలుపు తీసి పట్టుకుంది. "ఎవరూ రాలేదండీ" అంది.

మార్చి 5

హారన్ డ్యూటీకి వచ్చింది. బెల్టు దగ్గర బండి ఆపింది.

"చెప్పావట కదా."

"ఆఁ."

"థాంక్స్ చెబుతాననుకుంటున్నావేమో. చెప్పను."

"అనుకోలేదు."

"నీ చెయ్యి లేకే నా భుజం బెసికింది. నీ నోరు లేకే నా ఉద్యోగం పోబోయింది. రెండూ లెక్కలోవే." బండి వెనక్కి తీసి, నా చెవి దగ్గర హారన్ కొట్టి వెళ్ళింది. బెల్టు మీదున్న అందరూ ఉలిక్కిపడ్డారు, నవ్వారు. నేనూ ఉలిక్కిపడ్డాను.

మార్చి 8

ఏమీ లేదు. కాయలు.

మార్చి 14

అక్క ఫోన్ చేసింది.

"రేపు ఆదివారం. రా. ఈయనకి స్నానం చేయించాలి. నా ఒక్కదాని వల్ల కావట్లేదు, నిన్న ఇద్దరం జారిపడ్డాం."

"వస్తానక్కా."

"క్షమించి పిలవట్లేదు."

"తెలుసు."

"ఇంకోటి. ఆయన అడుగుతాడు. రోజూ అడుగుతాడు, ఎవరు లాగారని. నేను చెప్పను. నువ్వే చెప్పాలి. నేను వింటూ ఉంటాను."

మార్చి 15

స్టూలు మీద కూర్చోబెట్టి వీపు రుద్దుతుంటే అడిగాడు. అక్క బాత్రూం గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

చెప్పాను. "హారన్ లాగింది బావా. నీ కాళ్ళు నా పక్కనే ఉన్నాయి. నేను పారిపోయాను."

పెద్దగా నవ్వాడు. "నువ్వా! బల్లిని చూస్తేనే కుర్చీ ఎక్కుతావు, నువ్వెక్కడ లాగుతావులే." నవ్వి నవ్వి దగ్గు వచ్చింది. అక్క నవ్వలేదు. తువ్వాలు నా చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఆ నవ్వు నాకు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. అయినా ఇంటికి వచ్చాక, నవ్వాడు కదా, అంతే కదా, అనుకున్నాను. ఇంక అయిపోయిందనుకున్నాను.

మార్చి 22

అయిపోలేదు. ఆయనకి అది జ్ఞాపకం లేదు. మళ్ళీ మొదటిసారిలాగే అడిగాడు, నేను మళ్ళీ చెప్పాను, ఈసారి నవ్వలేదు. తన కుడి చెయ్యి ఎడమ చేత్తో ఎత్తి, ఒళ్ళో పెట్టుకుని, దాన్ని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత "బయటికి వెళ్ళు" అన్నాడు. సబ్బు నురగ ఒంటి మీద అలాగే ఉంది. అక్క వచ్చి నీళ్ళు పోసింది. నేను మెట్ల మీద కూర్చున్నాను.

కాసేపటికి బావే కిటికీలోంచి పిలిచాడు. "ఒరేయ్ గాలోడా, ఎప్పుడొచ్చావు? అక్కడ కూర్చున్నావేంటి?" మొహం నిండా సంతోషం. తనే నన్ను బయటికి పొమ్మన్నాడని తనకి తెలియదు. నాకు తెలుసు, అక్కకి తెలుసు.

వెళ్ళి దువ్వెన అందించాను.

మార్చి 29

అక్క మందుల షాపుకి వెళ్ళింది. క్యూ ఎక్కువుందని, ఆలస్యమవుతుందని ఫోన్ చేసింది. ఇంట్లో నేనూ బావా. బకెట్టుకి నీళ్ళు పడుతున్నాను. స్టూలు మీద కూర్చుని, కడ్డీ పట్టుకుని, నా పని చూస్తున్నాడు.

"అవునూ, ఆ రోజు నన్నెవరు లాగారు?"

గుమ్మంలో ఎవరూ లేరు. మాస్కు కోసం వెళ్ళాను బావా, అనొచ్చు. సంతోషపడతాడు. సాయంత్రానికి ఎలాగూ మరిచిపోతాడు. అక్కకి తెలియదు. ఒక్క పూట మా ఇద్దరి మధ్యా ఏమీ జరగనట్టు ఉండొచ్చు. ఆ వాక్యం నా నోట్లో తయారుగా ఉంది, ఫిబ్రవరి నుంచీ అరిగి నున్నబడి ఉంది. చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. నీళ్ళు బకెట్టు నిండి కాళ్ళ మీద పడుతున్నాయి.

"హారన్ లాగింది బావా. నేను పారిపోయాను. నీ కాళ్ళు బయటే ఉన్నాయి. లాగితే వచ్చేవాడివి. లాగలేదు."

కుళాయి కట్టేశాను.

"నిజంగానా?"

"నిజంగా."

"మరి ఇప్పుడెందుకొచ్చావు?"

"నీకు స్నానం చేయించడానికి."

చొక్కా గుండీలు ఎడమ చేత్తో విప్పుకోవడం మొదలుపెట్టాడు. రెండోది రాలేదు. నేను వంగి విప్పాను, వద్దనలేదు.

"నీళ్ళు మరీ వేడిగా పెట్టకు" అన్నాడు.